షిప్పింగ్ లెక్కచేయని మనిషి

“మళ్ళీ వంద పెంచాడే!” బైండరు జిగురు చేతులతోనే ఫోను అందుకున్నాడు.

ఆన్‌లైన్ వేలంలో ఉన్నది ఒక పాత ఇనప ప్రెస్సు. కుట్టి జిగురు పూసిన పుస్తకాలను పలకల మధ్య పెట్టి, పైనున్న చక్రం తిప్పితే గట్టిగా అదిమి పట్టుకునేది. బైండరు ప్రెస్సుకి మొన్ననే మర విరిగింది. కాలేజీ లైబ్రరీ పుస్తకాలేమో మూడు వందలు గది నిండా ఉన్నాయి. పది రోజుల్లో ఇవ్వకపోతే ఆ పని ఎదురు షాపుకి పోతుంది. ఇటుకలు పేర్చి చూశాడు గానీ అట్టలు వంకర్లు పోయాయి.

“ఎంతకొచ్చింది?” భార్య మడిచిన పేజీల ఫారాలు కుడుతూ తలెత్తకుండానే అడిగింది.

“నేను ఐదు వేల ఐదు వందలన్నాను. వాడు ఐదు వేల ఆరు వందలన్నాడు. పైన షిప్పింగ్ నాలుగు వేల ఐదు వందలు. మన దగ్గరున్నది పది వేలు. ఇక చేతులు దులుపుకోవడమే.”

వేలం ముగియడానికి ఇంకా అరగంట ఉంది. ఆమె సూది పక్కన గుచ్చి ఫోను తీసుకుంది. అర్థంకానిది ఏదైనా కంటపడితే ఆమెకు ముద్ద దిగదు.

“మొదట్లో పదకొండు మంది పాడారండీ. వందకే ప్రెస్సంటే ఎగబడి, కింద షిప్పింగ్ చూసి నాలిక్కరుచుకున్నట్టున్నారు. రెండు వేల దగ్గర కొందరు, మూడు వేల దగ్గర కొందరు జారుకున్నారు.”

“ఈ ఒక్కడే జిడ్డులా పట్టుకున్నాడు.”

“అదే చూస్తున్నా. షిప్పింగ్ తగ్గించండి అని అందరూ అడిగారు. మీరైతే రెండుసార్లు అడిగారు. అరవై కిలోల ఇనుము, తగ్గదు అని అమ్మేవాళ్ళు జవాబిచ్చారు. ఇతను మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.”

“డబ్బున్నవాడేమో.”

“డబ్బుంటే కొత్తదే కొనుక్కుంటాడుగా.”

“అయితే పిచ్చోడు.”

“మీరు వంద పెంచడానికి గంటసేపు తల గోక్కుంటున్నారు. అతను నిమిషంలో పెంచేస్తున్నాడు. పిచ్చీ కాదు, ఏమీ కాదు. అతనికి షిప్పింగ్ లేదు!”

“అందరికీ ఉండేది వాడికెందుకుండదు?”

“ఆ ప్రెస్సున్న వీధిలోనే ఉంటే? తోపుడు బండి మీద పెట్టి తోసుకుపోతాడు. మనకి పది వేల నూరయ్యేది అతనికి ఐదు వేల ఆరు వందలే.”

బైండరు నోరు తెరిచాడు. పేజీ నంబర్లు తప్ప వేరే అంకెల జోలికి పోని మనిషి. భార్యను చూస్తే గర్వంగానూ ఉంది, ప్రెస్సు పోతోందని ఏడుపూ వస్తోంది.

“పైగా పేరు చూశారా? పాతజిగురు అట. మనలాగే బైండరై ఉంటాడు. అతని దగ్గర ఇంకో ప్రెస్సుంటే పది రోజులకి అద్దెకిస్తాడేమో. అమ్మేవాళ్ళనడిగి ఆచూకీ తెలుసుకుందాం.”

అమ్మే మనిషి నంబరు అక్కడే ఉంది. ఆమె ఫోను చేసి స్పీకరు పెట్టింది.

“మీ వీధిలో బైండింగ్ షాపు ఏదైనా ఉందాండీ?”

“ఉండేదమ్మా, మా మావగారిది. ఒంటరిగా ఎందుకని అది మూయించి మా ఇంటికి తెచ్చుకున్నాం. ఈ ప్రెస్సు ఆయనదే. వరండాకి అడ్డంగా ఉందని అమ్మేస్తున్నాం. ఏం?”

“ఏం లేదండీ, ఎవరో షిప్పింగ్ లెక్కచేయకుండా పాడేస్తున్నారు. పేరు పాతజిగురు అని ఉంది.”

అవతల ఫోను పక్కన పెట్టినట్టుంది. తర్వాత ఆ గొంతు దూరంగా వినిపించింది.

“మావయ్యా! పొద్దున్నించీ ఆ ఫోనులో ఏం నొక్కుతున్నారు?”

“నా ప్రెస్సు నేను కొనుక్కుంటున్నాను. అమ్మేముందు నన్నొక్క మాటడిగావా?”

బైండరూ భార్యా మొహమొహాలు చూసుకున్నారు. ఇంతలో పెద్దాయనే ఫోనులోకి వచ్చాడు.

“ఎవరమ్మా? నాతో పోటీ పడుతున్నది మీవాళ్ళేనా?”

“మా ఆయనండీ. మా ప్రెస్సు మర విరిగింది. మూడు వందల పుస్తకాలు పది రోజుల్లో ఇవ్వాలి.”

“మూడు వందలా!” పెద్దాయన గొంతులో హుషారు వచ్చింది. “కుట్టు ఎంతవరకు వచ్చింది?”

“సగం అయింది.”

“చూడమ్మా, ప్రెస్సు మాత్రం అమ్మను. పంపిస్తాను, వెనకాలే నేనూ వస్తాను. పదో రోజుకి పుస్తకాలు మీకు, ప్రెస్సు నాకు. ఖర్చులు మీవి.”

బైండరు గబగబా ముందుకొంగాడు. “చాలా సంతోషమండీ. కానీ ఖర్చులంటే… మా దగ్గర…”

“పది వేలుంది. అంతేగా?”

“మీకెలా తెలుసండీ?”

“నువ్వు ఐదున్నర వేల దగ్గర ఆగిపోయావుగా నాయనా! ప్రెస్సుకి రానూపోనూ షిప్పింగ్ తొమ్మిది వేలు. మిగిలిన వెయ్యీ నా బస్సు టిక్కెట్టు.”