శుక్రవారం లోగా ఒక సంతకం

హాలు తలుపు మీద అతికించిన నోటీసును హరిత మూడోసారి చదివింది.

ఎన్నిసార్లు చదివినా అందులో మాట మారుతుందా? శుక్రవారం సాయంత్రం ఐదు లోగా, హాలు ఎవరి పేరు మీద ఇచ్చారో ఆ లక్ష్మీకుమారి స్వయంగా టౌన్‌షిప్ ఆఫీసుకు వచ్చి సంతకం చేస్తే రుఆబాంధా సెక్టారులోని మహిళా మండలి హాలు ఆడవాళ్ళకే ఉంటుంది. లేదంటే కాలనీ కమిటీకి పోతుంది.

కమిటీ పెద్ద యజ్ఞనారాయణ అప్పుడే రెండు క్యారమ్ బోర్డులు తెప్పించి వరండాలో పెట్టించాడు. ఆయన ధీమా అలాంటిది.

హరితకు కావలసింది ఆ హాలే. ఇళ్ళ వైరింగు, మోటార్ల రిపేరు పాతికమంది ఆడపిల్లలకు నేర్పేందుకు డబ్బిస్తామని ఒక విదేశీ సంస్థ ఒప్పుకుంది. షరతు ఒక్కటే. నేర్పే చోటు ఆడవాళ్ళ సంఘం చేతిలో ఉండాలి.

హాలు చేజారితే పాతికమందీ మళ్ళీ ఇళ్ళకే.

ముప్పై ఏళ్ళ కిందట ఈ లక్ష్మీకుమారి రాసిన అర్జీ నకలు హరిత బ్యాగులో ఉంది. గుండ్రటి అక్షరాలు, వంక పెట్టలేని హిందీ. మగవాళ్ళకు క్లబ్బు ఇచ్చారు, మైదానం ఇచ్చారు, మాకు ఒక్క గది ఇవ్వడానికి ఏం అడ్డం, ఇచ్చేదాకా రోజూ వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటాం అని రాసింది. కూర్చున్నారు కూడానట. పదకొండో రోజున హాలు ఇచ్చారు.

అంత రాసిన మనిషి లెక్చరరన్నా అయి ఉండాలి, పెద్ద ఆఫీసరు భార్యన్నా అయి ఉండాలి. హరిత అలాగే అనుకుంది. అనుకున్న వెంటనే స్కూటీ తీసింది.

రిసాలిలో రిటైరైన టీచర్ల ఇళ్ళన్నీ తిరిగింది. పక్క ఊరు ఉతై దాకా వెళ్ళి ఒక ముసలి హెడ్‌మిస్ట్రెస్‌ను నిద్రలేపి మరీ అడిగింది. ఆవిడ పేరు వేరే.

యజ్ఞనారాయణనూ వదల్లేదు. ఆ పేరు గల మనిషి ఈ సెక్టారులో ఎన్నడూ లేదని ఆయన చాలా సంతోషంగా చెప్పాడు.

గురువారం పొద్దున హరిత స్కూటీ స్టార్ట్ చేస్తుండగా కోక్ ఓవెన్ మామ్మ వచ్చి అడ్డం నిలబడింది.

మామ్మ భర్త గురునాథరావు ముప్పై ఏళ్ళు స్టీలు ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేశాడు. ఆయన పోయి పదేళ్ళయినా ఆవిడ మాత్రం అందరికీ కోక్ ఓవెన్ మామ్మే. కష్టం ఆయనది, పిలుపు ఈవిడది.

"ఎంతమంది ఆడగుంటలొస్తారే?" అని అడిగింది మామ్మ.

హరిత పాతికమందని చెప్పింది.

కరెంటు పని ఆడపిల్లలకు ఎవరిస్తారు, వాళ్ళ నాన్నలు పంపుతారా, మొగుళ్ళు ఊరుకుంటారా అని మామ్మ వరసగా అడిగింది. హరితకు ఒళ్ళు మండింది. ఇలాంటి ప్రశ్నలు పొద్దున్నుంచి రాత్రిదాకా వింటూనే ఉంది. ఈవిడ కూడా మొదలెట్టిందా అనుకుంది.

"ఊరుకోకపోతే ఊరుకోనీ మామ్మా. నేను ఛోడ్నేవాలీ కాదు, వదిలిపెట్టను. హాలు పోతే చెట్టు కింద నేర్పిస్తా."

మామ్మ ఆమెను కాసేపు ఎగాదిగా చూసింది.

"నానూ నీతో ఆఫీసుకొస్తాను, పద."

"ఈ ఎండలో నువ్వెందుకు మామ్మా? అక్కడ నీకేం పని?"

"అది కాదే, ఆ కాయితంలో..."

"తర్వాత చెబుదువుగాని మామ్మా, ఇంకా నాలుగిళ్ళు తిరగాలి."

రేపు రైలుకు బొబ్బిలి వెళ్ళిపోతున్నానని, క్వార్టరు ఖాళీ చేసి ఇక చెల్లెలి దగ్గరే ఉంటానని మామ్మ వెనకనుంచి చెబుతూనే ఉంది. హరిత చెయ్యి ఊపి వెళ్ళిపోయింది.

ఆ నాలుగిళ్ళలోనూ లక్ష్మీకుమారి దొరకలేదు.

శుక్రవారం మూడు గంటలకు హరిత ఒట్టి చేతులతో ఆఫీసులో అడుగుపెట్టింది. వారం గడువు అడగాలి. ఇవ్వకపోతే ఆ లక్ష్మీకుమారి చేసినట్టే గుమ్మంలో కూర్చోవాలి. అందుకు నీళ్ళ సీసా, టవలు కూడా తెచ్చుకుంది.

గుమాస్తా మనోజ్‌కుమార్ ఆమెను చూసి నవ్వాడు.

"సైన్ అయిపోయింది దీదీ. సుబహ్ పది గంటలకే ఆవిడ వచ్చేశారు."

హరిత కుర్చీలో కూలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హాలు దక్కింది. పాతికమందీ వస్తారు.

ఆవిడ ఎక్కడుంటారు, ఎలా వెళ్ళాలి, ఇప్పుడే వెళ్ళి కాళ్ళకు దండం పెడతానని గబగబా అడిగింది.

మనోజ్‌కుమార్ తల అడ్డంగా ఊపాడు. ఆవిడ ఆటోలో పెట్టెతో సహా వచ్చారట. సంతకం పెట్టి అటునుంచి అటే దుర్గ్ స్టేషనుకు వెళ్ళిపోయారట. రైలు వెళ్ళి రెండు గంటలు దాటింది.

"మీ పేరు కూడా రాశారు దీదీ, దేఖియే."

ఫైలు ఆమె వైపు తిప్పాడు. అవే గుండ్రటి అక్షరాలు, ఈసారి కొంచెం వణికాయి. తాళంచెవులు చింతాడ హరితకు ఇవ్వగలరు, ఆ అమ్మాయి వదిలిపెట్టే రకం కాదు అని హిందీలో రాసి ఉంది.

హరిత ఆశ్చర్యపోయింది. నాన్న పనిచేసే చోటును బట్టి ఈ సెక్టారులో అందరికీ ఆమె ప్లేట్ మిల్ వాళ్ళమ్మాయి. ఇంటిపేరుతో సహా ఆమె పేరు కనుక్కుని రాసినవాళ్ళు ఇంతవరకూ లేరు.

కింద జత చేసిన ఆధార్ నకలు చూడాలని పేజీ తిప్పింది.

లక్ష్మీకుమారి అన్న పేరు పక్కన ఫొటోలో ఉన్నది, ఇన్నేళ్ళలో తాను ఒక్కసారైనా పేరు అడగని కోక్ ఓవెన్ మామ్మ.