టైరుకు అంటిన ఎరుపు

“కడగొద్దు మామా. పైన పాలిష్ పూయి, చాలు,” అన్నాడు నాగేంద్ర.

మహబూబ్ బాషా పైపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. జమ్మలమడుగు బస్టాండు అవతల ఆయనకు వాటర్ సర్వీసింగ్ సెంటర్ ఉంది. మగ్రిబ్ నమాజు చేసుకుని వచ్చి షట్టర్ దించబోతుంటే ఈ కారు వచ్చి ఆగింది. బానెట్ మీద పూజనాటి గంధం బొట్టు ఇంకా పోలేదు.

“కొత్త కారు, కొత్త టైర్లు. వీటికి పాలిష్ ఏందప్పా?”

“మెరవల్ల. నల్లగా నిలిచేటట్టు పూయి.”

“నిలవల్లంటే ముందు కడగల్ల, ఆరనియ్యల్ల. మురికి మీద పూస్తే రేపటికే పోతాది.”

“పోతే పోనీలే. ముందర ఎడమ టైరుకు, రోడ్డుకు ఆనే చోట కూడా పూయి.”

“ఆడ పూస్తారా ఎవురన్నా? బ్రేకు కొడితే బండి జారుతాది. మనిషి పోతాడు.”

కారు పక్కన నిలబడిన అవినాష్ ముఖం తిప్పుకున్నాడు. అతను నాగేంద్ర బావమరిది.

బాషా సెల్‌ఫోన్ లైటు వేసి వంగాడు. “ఇదేందప్పా, ఎర్రగా ఉంది?”

“పెయింటు. యాడో తగిలింటాది,” అన్నాడు నాగేంద్ర.

బాషా బకెట్ కోసం లోపలికి వెళ్లాడు. అవినాష్ బావ చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

“వెనక్కి పోదాం బావా. బతికుంటాడేమో.”

“నోరు ముయ్యి. నువ్వు చూసినావా? నేను చూసినానా?”

“చక్రం ఎక్కి దిగింది. నీకు తెలీలేదా? ఎవుడో తాగి పడున్నోడు. పక్కన ఇంకొకరు చెయ్యెత్తినారు కూడా.”

“అందుకే గదరా లైట్లు ఆర్పింది. నంబరు చూసింటే?”

పెద్దముడియం వైపు నుంచి ఇంటికి వస్తుండగా, వాళ్ల ఊరి మలుపులో జరిగింది అది. అప్పటికే మసక చీకటి. చక్రం కింద ఏదో నలిగింది. అద్దంలో ఒక చెయ్యి లేచింది. నాగేంద్ర ఊళ్లోకి తిరగలేదు. లైట్లు ఆర్పి, నేరుగా జమ్మలమడుగు దారి పట్టాడు. పెట్రోలు బంకు దగ్గర దిగి చూస్తే టైరుకు ఎరుపు కనిపించింది. సీసాలో నీళ్లు పోసి రుద్దాడు. పోలేదు.

బాషా బకెట్, బ్రష్షు తెచ్చి నీళ్లు వదిలాడు.

“వద్దంటి గద మామా!”

“మురికి మీద పాలిష్ పూసి పంపితే, రేపు నీ నోటితోనే నన్ను తిడతావు. అడ్డం రావద్దు.”

బ్రష్షుకు ఏదో తగులుకుంది. బాషా స్క్రూడ్రైవర్‌తో టైరు గాడిలో గెలికాడు. బయటికి వచ్చినదాన్ని అరచేతిలో వేసుకుని లైటు కిందికి తెచ్చాడు. తర్వాత వేలితో ఎరుపు రుద్ది వాసన చూశాడు.

“గుమ్మడి గింజలు. ఇది కుంకుమనీళ్లు. ఈ పొద్దు అమావాస్య గదా. ఎవురో దిష్టి తీసి పెట్టిన కాయ మీద ఎక్కించినట్టుండావు.”

మడ్‌గార్డులో గుమ్మడి గుజ్జు దొరికింది. గుజ్జులో ఒక రూపాయి బిళ్ల కూడా ఉంది.

నాగేంద్ర అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాడు. బాషా చేతిలోని గింజలు తీసుకుని చూశాడు. నవ్వు మొదలైంది. ఆగలేదు.

“ఏమిరా అవినాషూ, బతికుంటాడేమో అంటివే! తీసుకో, పెరట్లో నాటు. బతుకుతాడు!”

“నీకు దండం పెడతా బావా. నా గుండె ఆగిపోయింటే మా అక్కకు ఏం చెప్తాంటివి?” అవినాష్ కూడా నవ్వుతూ కార్లో కూర్చుని పాటలు పెట్టాడు. తలుపులు తెరిచే ఉన్నాయి.

“మనిషే అనుకుంటి మామా,” అన్నాడు నాగేంద్ర కళ్లు తుడుచుకుంటూ.

బ్రష్షు ఆగింది. “మనిషి అనుకుంటివా?”

“ఆ.”

“అనుకొని, దిగి చూడలేదా?”

నాగేంద్ర నవ్వు ఆగిపోయింది. టైరు మీది ఎర్రనీళ్లు కారి అతని చెప్పుల దగ్గరికి వచ్చాయి. కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. నీళ్లు అక్కడికీ వచ్చాయి.

“పాలిష్ పూయి మామా. పోతాం,” అన్నాడు తల ఎత్తకుండా.

“ఆరనీ. తడి మీద నిలవదు.”

కార్లో పాట ఆగి ఫోన్ మోగింది. నాగేంద్ర ఫోన్ కారుకు కలిపి ఉంది. “అక్క చేస్తాంది,” అంటూ అవినాష్ స్టీరింగ్ మీది బటన్ నొక్కాడు. స్పీకర్లలో వినిపించింది అతని అక్క సుప్రియ గొంతు కాదు. నాగేంద్ర తల్లి అలివేలమ్మది.

“నాగేంద్రా, యాడుండావురా?”

“జమ్మలమడుగులో ఉండామ్మా. ఏంది, ఆయాసపడతాండావు?”

“ఇప్పుడే ఇల్లు చేరినా. మలుపు కాడి నుంచి నడిచి వచ్చేసరికి మోకాళ్లు పట్టుకునె.”

“పొద్దుగూకినంక ఆడికి ఎందుకు పోతివి?”

“నువ్వు వస్తాండానని ఫోన్ చేస్తివి గదా. నీ కారు చక్రం కిందే నలిగితే దిష్టి పోతాదని, కాయకు కుంకుమ పెట్టి దావలో ఉంచి, పక్కన నిలబడింటి.”

అవినాష్ ఫోన్ ఆపే బటన్ కోసం వెతికాడు. దొరకలేదు. బాషా నీళ్లు కట్టేశాడు. ఆమె మాట ఇంకా స్పష్టంగా వినిపించింది.

“కాయ బాగా నలిగిందిలే, మంచిదే. ఎక్కించుకొని పోతావని చెయ్యెత్తితే, లైట్లు ఆర్పుకొని పోయినావేంది నాయనా?”