తమ్ముడి వాటా

జయపాల్ కంచంలో ఉప్పులేని సొరకాయ కూర, కాస్త అన్నం. ఎదురుగా అక్క పాపాయమ్మ కంచంలో మామిడికాయ పప్పు, నెయ్యి, చేప వేపుడు. పక్కన నాలుగు చక్కెరకేళీలు.

"అలా గుడ్లప్పగించి చూడకురా, నాకు అరగదు" అంది ఆవిడ, ప్రార్థన ముగించి.

"నన్ను చూడ్డానికొచ్చావా, భోజనానికొచ్చావా?"

"రెండిటికీను."

జయపాల్‌కి ఏడాదిగా వారానికి రెండుసార్లు రాజమండ్రిలో డయాలసిస్. అరటిపండు వద్దు, పప్పు వద్దు, కొబ్బరినీళ్ళు అసలే వద్దు. మంచినీళ్ళు కూడా కొలిచే తాగాలి. పోయిన నెల నోరు కట్టుకోలేక దొంగతనంగా అరడజను పళ్ళు తిని, గుండె దడొచ్చి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. ఇంకోసారైతే కష్టమన్నాడు డాక్టరు.

అన్నీ తెలిసే పాపాయమ్మ పెనుగొండ నుంచి వచ్చి రెండు నెలలుగా తిష్ఠ వేసింది. మనిషి చీపురుపుల్ల. తిండి మాత్రం ఇద్దరిది. డయాలసిస్ రోజున తనూ ఆటో ఎక్కేస్తుంది, ఆసుపత్రి పక్క హోటల్లో మినపట్టు బాగుంటుందని. చుట్టాల్లో కొందరంతే.

"చిన్నప్పుడు మీగడ చూస్తే పారిపోయేదానివి కదక్కా!"

"వయసొచ్చాక రుచి తెలిసిందిరా."

జయపాల్ భార్య వినీలకి ఒళ్ళు మండింది. "వదినగారూ, వంటింట్లో కూర్చుని తినకూడదాండి? ఆయనకి నోరూరుతోంది."

"ఒక్కదాన్నే అయితే ముద్ద దిగదమ్మా."

సాయంత్రం ఎవరో ఆత్రేయపురం పూతరేకులు ఇచ్చి వెళ్ళారు. పాపాయమ్మ ఐదు తినేసింది. ఆరోది నీళ్ళతో మింగింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. జయపాల్ చెయ్యి మెల్లిగా డబ్బా వైపు వెళ్ళింది. ఫట్‌మని ఒకటేసింది ఆవిడ.

"దొంగ వెధవా! నీ వాటా కూడా నాదే."

జయపాల్‌కి ఉక్రోషం ఆగలేదు. "రేపు నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మీ ఊరు వెళ్ళిపో అక్కా. నువ్విక్కడుంటే నేను బతకను."

"రేపు నేనూ వస్తున్నాగా, మినపట్టు తిన్నాక ఆలోచిద్దాం."

మర్నాడు భర్తకి మిషను తగిలించాక, వినీల ఆడపడుచుని వెతుక్కుంటూ హోటల్‌కి వెళ్ళింది. లేదు. తిరిగి వస్తుంటే డాక్టరు గది పక్కన కనిపించింది. చెప్పులు విప్పి, బరువు చూసే మిషను మీద ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది.

"ఆవిడకెందుకండి బరువు?" అంది వినీల నర్సుతో.

"మీకు చెప్పలేదాండీ, ఇంకో రెండు కేజీలు పెరిగితేగాని ఆవిడ కిడ్నీ తీసి తమ్ముడికి పెట్టడం కుదరదన్నారండి డాక్టరు గారు."