రెండో డాక్టరు

“నేను గ్యారంటీ ఇచ్చిన ఫ్యాను మళ్లీ తెస్తే నేనేమంటాను? కాస్త నూనె వేసుకోండి, సరిపోతుందంటాను. ఆ ఆసుపత్రి వాళ్లు చెప్పిందీ అంతే,” అన్నాడు భర్త.

ఆయన ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేస్తాడు. ఆవిడ సిటీ బస్సులో కండక్టరు. కొన్నాళ్లుగా కుడి మోకాలు ఆవిడ మాట వినడం లేదు. ఇవాళ పొద్దున సెలవు పెట్టి ఒక్కతే ఆసుపత్రికి వెళ్లొచ్చింది. ఆ ఆసుపత్రి సొంతంగా నడిపే ఇన్సూరెన్సే ఆవిడది. బయటి కంపెనీల కంటే బాగా చవక. చవకంటే ఆవిడ చెవి కోసుకుంటుంది.

అక్కడి డాక్టరు కంప్యూటర్లోంచి తల ఎత్తలేదు. తెర మీదే ఎక్స్‌రే చూసి, “ఆపరేషన్ అక్కర్లేదు. వ్యాయామం చెయ్యండి, బరువు తగ్గండి,” అన్నాడు. ఆవిడ ఇంకో మాట అడిగేలోపే బయట తరువాతి పేరు పిలిచారు.

అది విన్న దగ్గర్నుంచీ భర్త అగ్గిమీద గుగ్గిలమే.

“ఇన్సూరెన్సూ వాళ్లదే, ఆసుపత్రీ వాళ్లదే. నీకు ఆపరేషన్ చేస్తే డబ్బు ఎవరి జేబులోంచి పోతుంది? మరెందుకు చేస్తారే?”

“నిజంగానే అక్కర్లేదేమోనండీ.”

“అంత చవగ్గా ఇస్తామన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది.”

ఆవిడకీ అనుమానం పట్టుకుంది. కదిలే బస్సులో నిలబడలేకపోతే ఉద్యోగం ఉండదు. అలాగని అవసరం లేకుండా కోయించుకుంటే ఉన్న కాలూ పాడవుతుంది. ఎవరిని నమ్మాలో తెలియక ఏడుపొచ్చినంత పనయింది.

సాయంత్రం ఇద్దరూ బజారు చివర ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లారు. ఇన్సూరెన్సు అక్కడ చెల్లదు, అంతా చేతి డబ్బే. “పొద్దుటి సంగతి ముందే చెప్పకు. వీళ్లేమంటారో చూద్దాం,” అన్నాడు భర్త. ఎక్స్‌రే కొత్తగా తీయించారు.

డాక్టరు గదిలోకి వెళ్లబోతూ ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. మోకాలు పట్టేసిందనుకుని డాక్టరే లేచి వచ్చి కుర్చీ జరిపాడు. మంచినీళ్లు తెప్పించాడు. మోకాలు వంచి చూశాడు, నొక్కి చూశాడు. ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి తీరిగ్గా చూశాడు. డాక్టరంటే ఇలా ఉండాలి అన్నట్టు భర్త ఆవిడ వైపు చూశాడు. ఆవిడ డాక్టరు మీంచి చూపు తిప్పలేదు.

“ఆపరేషన్ తప్పదమ్మా. ఆలస్యం చేస్తే ఆ కాలు మీద ఆశ వదులుకోవాలి.”

ఖర్చెంతో కూడా చెప్పాడు. కూతురి చదువుకని దాచినదంతా ఊడ్చిపెట్టుకుపోయే ఖర్చు. ఆవిడ కుర్చీలో కాస్త ముందుకు జరిగింది.

“ఇన్సూరెన్సు ఆసుపత్రిలో చూపించానండీ. ఆపరేషన్ అక్కర్లేదు, వ్యాయామం చాలన్నారు.”

డాక్టరు నవ్వాడు. “ఆ ఇన్సూరెన్సుల సంగతి నాకు బాగా తెలుసమ్మా. ఖర్చు తగ్గించుకోవాలి కదా, అలాగే చెబుతారు.”

“నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది అదేనండీ,” అన్నాడు భర్త. “మనిషన్నవాడు అలా చెబుతాడా?”

“అసలు మోకాలు ముట్టుకుని చూశాడా?” డాక్టరు తల అడ్డంగా ఊపాడు. “ఎవరమ్మా ఆ మహానుభావుడు?”

“మీరేనండీ, ఇవాళ పొద్దున,” అంది ఆవిడ.