పై వాటా

“మీ స్నేహితుల గోల భరించలేకపోతున్నానమ్మా!”

టైలరమ్మ తలుపు తీయగానే కింది వాటా పెద్దాయన అన్న మొదటి మాట అది. చెమటలు కక్కుతూ, గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఆ ఇంట్లో దిగి నెల కూడా కాలేదు.

టైలరమ్మకు ఒళ్లు మండింది.

మోకాళ్లు అరిగిపోయి ఆమె మూడో అంతస్తులోనే ఉండిపోయింది. సాయంత్రాలు స్నేహితురాళ్లు వచ్చి వీధిలో నిలబడి, మెడలు పట్టేసేలా పైకి చూస్తూ కబుర్లు చెప్పేవారు. ఆమెకు మిగిలిన సంతోషం అదొక్కటే.

“మెట్లు దిగలేనండీ. ఏం చెయ్యమంటారు?”

“వాటాలు మార్చుకుందాం. మీరు కిందికి రండి. నాకు పైన గాలీ, వెలుతురూ వస్తాయి, ప్రశాంతంగా ఉంటుంది.”

“ఇల్లుగలాయన ఒప్పుకోవద్దూ?”

“ఒప్పించే వచ్చాను.”

ఆయన వెళ్లాక ఆమె కూతురితో అంది.

“చూశావా? మన గాలి గది మీద కన్నేశాడు. ఆ ఆశే ఇన్ని మెట్లు ఎక్కించింది!”

“పోనీలేమ్మా. నీకూ మంచిదేగా.”

నిజంగానే మంచిదైంది.

ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దించారు. ఇప్పుడు చేతికర్ర పట్టుకుని వీధిలోకి వస్తోంది. కరెంటు కుట్టుమిషను కిటికీ పక్కన వేయించుకుంది. బట్టలు కుట్టమని మళ్లీ నలుగురూ వస్తున్నారు. ఒకరోజు పార్కు దాకా వెళ్లి, స్నేహితురాళ్లతో కడుపు చెక్కలయ్యేలా నవ్వి వచ్చింది.

పెద్దాయన మాత్రం కిందికి రాడు. సరుకులు కూడా కొట్టువాళ్లే పైకి తెచ్చి ఇచ్చి వెళతారు.

“మహారాజు! కాలు కింద పెడితే మాసిపోతాడు కాబోలు,” అనేది టైలరమ్మ.

అందరూ పకపకా నవ్వేవారు. పై కిటికీలోంచి ఆయన చూస్తూ ఉండేవాడు.

ఒక ఉదయం సరుకులు తెచ్చినవాడు ఎంత తలుపు కొట్టినా ఆయన పలకలేదు. కూతురు కబురు చేస్తే వీధి చివరి డాక్టరు పరుగున పైకి వెళ్లి తలుపు తీయించాడు. కాసేపటికి మెల్లగా దిగి వచ్చాడు.

“పోయారమ్మా. నిద్రలోనే.”

టైలరమ్మ చేతికర్ర ఊతంగా లేచింది.

“అయ్యో! నిన్న కూడా కిటికీలో చూశానే!”

“అసలు ఆయన పైకెందుకు మారారు?”

“గాలి కోసమని ఆయనే పట్టుబట్టి మార్పించారు కదండీ.”

డాక్టరు నిర్ఘాంతపోయాడు.

“గాలి కోసమా? ఆయన మోకాళ్లు మీకన్నా ఘోరంగా అరిగిపోయాయి. మళ్లీ పై అంతస్తులో చేరితే ఇక కిందికి దిగలేరని చెప్పి, ఈ కింది వాటా ఆయనకి వెతికిపెట్టింది నేనేనమ్మా.”