పగిలిన చేతులు

“ఐడీ కార్డు ఇక్కడ పెట్టి ఇంటికి వెళ్ళు,” అంది పెద్ద నర్సు. “నలుగురు పసివాళ్ళకీ జ్వరం తగిలింది నీ డ్యూటీలోనే. నిప్పు లేనిదే పొగ రాదు.”

ఆ వార్డులో నర్సుగా చేస్తున్న కూతురికి క్యారియరు ఇవ్వడానికి వచ్చిన తల్లి గుమ్మంలోనే ఆ మాట వింది. ఉద్యోగం సరే, ఆమె మనసు అప్పుడే పోలీసుల దాకా, జైలు దాకా వెళ్ళిపోయింది. గబగబా లోపలికి వచ్చింది.

“మా పిల్ల చేతులు చూడండమ్మా, కడిగి కడిగి ఎలా పగిలాయో! ఇవా జబ్బులంటించే చేతులు?”

కుళాయి పక్కన తను చేసి పంపిన కలబంద క్రీము డబ్బా అడుగంటి ఉంది. ఇంత రాసుకున్నా పగుళ్ళు తగ్గలేదే, పాపం!

“మాటలతో తేలదు పిన్నిగారూ,” అన్నాడు నమూనాల కోసం వార్డుకి వచ్చిన ల్యాబు డాక్టరు. “మనుషులకి వేలిముద్రల్లాగే సూక్ష్మజీవులకీ జన్యుముద్ర ఉంటుంది. పిల్లల రక్తంలో ఉన్నదీ, ఇక్కడ దొరికేదీ ఒకటైతే దొంగ దొరికినట్టే.”

“అయితే ఆ ముద్రలు తియ్యి బాబూ! మా అమ్మాయివేనా? అందరి చేతులూ చూడు. తలుపు గొళ్ళెం, కుళాయి, సీసాలు, డబ్బాలు... ఒక్కటీ వదలకు. తేలేదాకా నేను కదలను.”

“ఈవిడేంటి, మనకే డ్యూటీలు వేస్తోంది!” అంది పెద్ద నర్సు.

“వేస్తాను. పోయేది నా కూతురి ఉద్యోగం.”

అన్నట్టే రోజూ పొద్దున్నే వచ్చి ల్యాబు ముందు బల్ల మీద కూర్చుంది. మందులు పట్టి పిల్లల జ్వరాలు దిగాయి. ఆమె మాత్రం దిగలేదు. ఐదో రోజు డాక్టరు కాగితంతో బయటికి వచ్చాడు.

“మీ అమ్మాయి చేతులు శుభ్రం. వార్డు మొత్తం మీద శుభ్రంగా ఉన్నవి ఆ రెండు చేతులే.”

“చెప్పానా!” తల్లి గర్వంగా పెద్ద నర్సు వైపు చూసింది. “మరి వీళ్ళందరికీ అంటించిందెవరో పట్టుకో బాబూ, వదలకు!”

“పట్టుకున్నాం. కుళాయి పక్కన ఉన్న క్రీము డబ్బా. దాన్లో ఉన్నదీ, పిల్లల రక్తంలో ఉన్నదీ అచ్చంగా ఒకటే.”

తల్లి మెల్లగా తిరిగి కూతురి చేతుల వైపు చూసింది.

కూతురు వాటిని వెనక్కి దాచుకుంది.

“ఆ జిగట నాకు పడదమ్మా. పారేస్తే నువ్వు బాధపడతావని, అందరినీ రాసుకోమన్నాను.”