తెలుగులో పెట్టిన ఒట్టు

“తిరుమలరావుగారూ, ఈ నెలంతా మీ జోడీ ఈయనే,” అంది ఇంగ్లీషు నేర్పే మిరియం మేడమ్.

తిరుమలరావు తలెత్తి చూశాడు. చూసి, పుస్తకం మూసి, లేచి నిలబడ్డాడు. ఎదురు కుర్చీలో సన్యాసిరాజు. స్వయానా భార్య ధనలక్ష్మికి అన్న. తొమ్మిదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

“నాను ఎల్లిపోతన్నాను మేడమ్. ఈ మనిషి తప్ప ఇంకెవరైనా పర్లేదు.”

“అందరికీ జోడీలు అయిపోయాయండీ. ఇంటర్వ్యూ నెల్రోజుల్లో ఉందన్నారు కదా. వెళ్తారా, కూర్చుంటారా?”

కూర్చోక ఏం చేస్తాడు? స్టీల్‌ప్లాంటులో ఫోర్‌మన్ ఇంటర్వ్యూకి ఇప్పటికి రెండుసార్లు వెళ్లొచ్చాడు. పనిలో అతనికి వంక పెట్టేవాడు లేడు. ముగ్గురు ఆఫీసర్లు ఇంగ్లీషులో అడిగేసరికి మాత్రం నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. ఈ మూడోసారే ఆఖరు. ఇదీ పోతే, తన దగ్గర పని నేర్చుకున్న గోపి కిందే పనిచెయ్యాలి. ఆ బెంగ చూడలేక గాజువాకలో ఈ సాయంత్రం క్లాసు సంగతి ధనలక్ష్మే ఎక్కడో కనుక్కొచ్చింది.

తొమ్మిదేళ్ల కిందటి గొడవా నోటి గురించే. గృహప్రవేశం భోజనాల దగ్గర సన్యాసిరాజు పరాచికంగా అన్నాడు. “మా బావకి సేతులే గానీ నోరు నేదు. నలుగురిలో నిలబెడితే పేరు కూడా సెప్పుకోలేడు.” పంక్తి పంక్తంతా నవ్వింది. తిరుమలరావు విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. “ఈ నోటితో నిన్ను మళ్లీ బావా అని పిలిస్తే ఒట్టు,” అన్నాడు. ఆ రోజు నుంచి మల్కాపురంలోని అత్తింటివాళ్ల ఊసు ఇంట్లో ఎత్తనివ్వలేదు. అప్పట్లో పోర్టులో కూలీల మేస్త్రీగా ఉన్న అన్న ఇప్పుడేం చేస్తున్నాడో ధనలక్ష్మికి తెలిసినా మనసులోనే దాచుకుంది, పాపం.

“క్లాసులో తెలుగు వద్దు. జోడీ అడిగితే జవాబు చెప్పి తీరాలి. తప్పులొచ్చినా ఆగకూడదు,” అంది మిరియం.

సన్యాసిరాజు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

“ఐ ఈజ్ సన్యాసిరాజు. మై వైఫ్స్ ఆర్ వన్.”

క్లాసంతా గొల్లుమంది. ఆ మనిషికి సిగ్గూ శరమూ లేదు. తనూ నవ్వి, మళ్లీ గొంతు సవరించుకుని, “యూ? యువర్ నేమ్ వాట్?” అన్నాడు.

తిరుమలరావుకు లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేం. ఇంత అధ్వానంగా మాట్లాడేవాడే దర్జాగా కూర్చుంటే తనకేం తక్కువ? పైగా ఒట్టు పెట్టింది తెలుగులో. ఇంగ్లీషుకు అది అంటదు.

“మై నేమ్ ఈజ్ తిరుమలరావు,” అన్నాడు, నలుగురికీ వినపడేలా.

తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టు, మూడోనాటికల్లా ఎదుటివాడి తప్పులు దిద్దడం మొదలుపెట్టాడు. దిద్దాలంటే మాట్లాడాలి కదా. సన్యాసిరాజు ప్రశ్నలు కూడా అలాగే ఉండేవి. “స్టీల్ హాట్. యూ నాట్ ఫియర్?” అని ఒకరోజు. “మెషీన్ స్టాప్. యూ డూ వాట్?” అని ఇంకోరోజు. ఆ మొద్దుకు అర్థమయ్యేలా చెప్పడానికి తిరుమలరావు చేతులు తిప్పుతూ రోలింగ్ మిల్లు మొత్తం వివరించేవాడు. బెల్లు కొట్టినా ఆపేవాడు కాదు.

“మీ అన్నకి ఈ జన్మలో ఇంగ్లీషు రాదే,” అన్నాడు ఒకరోజు అన్నం తింటూ.

ధనలక్ష్మి చెయ్యి గరిటె మీదే ఆగిపోయింది. తొమ్మిదేళ్ల తర్వాత ఆ ఇంట్లో అన్న ఊసు వచ్చింది.

“అంత కష్టమా?” అంది మెల్లగా.

“నాను సెప్పకపోతే ఏటైపోయీవోడో. పక్కన కూసొని దిద్దతన్నాను, ఏటి సేత్తాం.”

క్షమాపణల పాఠం వచ్చిన రోజు సన్యాసిరాజు పుస్తకం మూసేశాడు. గొంతు సవరించుకున్నాడు. “సారీ. దట్ డే, మై మౌత్ బ్యాడ్,” అన్నాడు. పాఠంలో ఆ వాక్యం లేదు. తిరుమలరావు ఆ పుస్తకం మళ్లీ తెరిచి అతని ముందుకు తోశాడు. “నెక్స్ట్ పేజ్,” అన్నాడు. గొంతులో మునుపటి కోపం మాత్రం లేదు.

ఇంటర్వ్యూలో ముగ్గురు ఆఫీసర్లూ మిషను ఆగితే ఏం చేస్తావన్నారు. భయం వెయ్యదా అన్నారు. వాళ్ల ముఖాల్లో తిరుమలరావుకు సన్యాసిరాజే కనిపించాడు. ఇక నోరు ఆగితేనా.

ఫోర్‌మన్ లిస్టులో తన పేరొచ్చిన సాయంత్రం మాడుగుల హల్వా పొట్లంతో అందరికన్నా ముందు క్లాసుకు వచ్చాడు. మిరియం చేతిలో హల్వా పెట్టి విషయం చెప్పాడు.

“ఆయన ఇంకా రానేదా మేడమ్? పాపం ఆయన ఇంగ్లీషు అంతంతమాత్రమే. ఇంకో నెల సెప్పండి. కావాలంటే నానూ వచ్చి పక్కన కూసుంటాను.”

అప్పుడే మిరియం ఫోన్ మోగింది. రెండు చేతులకూ నెయ్యి అంటుకోవడంతో వేలి కొసతో స్పీకర్ నొక్కింది. ఫోన్లోంచి ఇంగ్లీషు ధారగా వచ్చింది. నెల కిందటైతే తిరుమలరావుకు ముక్క అర్థమయ్యేది కాదు. ఇప్పుడు ప్రతి మాటా తెలిసింది. పోర్టులో ఓడ మీద పనిలో ఉన్నానని, పక్కనే కెప్టెన్ ఎదురుచూస్తున్నాడని, లిస్టులో ఆ పేరుందో లేదో ముందు చెప్పమని ఆ గొంతు తొందరపెడుతోంది.

“ఎవరండీ ఈయన? దొరలా మాట్లాడతన్నాడు,” అన్నాడు తిరుమలరావు.

ఫోన్లో మాట ఠక్కున ఆగిపోయింది.

“నాకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పిన గురువుగారండీ,” అంది మిరియం తల దించుకుని.

ఫోన్లో ఎవరో రెండుసార్లు గొంతు సవరించుకున్నారు.

తిరుమలరావు హల్వా పొట్లం బల్ల మీద పెట్టి, ఫోన్ అందుకున్నాడు.

“బావా,” అన్నాడు.